దుగ్గిరాల పసుపు చెప్పే పాఠం

మా నందివెలుగుకు దుగ్గిరాల పసుపు యార్డు ఎంతో దూరం కాదు. అక్కడి కొమ్మొకటి దంచి, స్పిరిట్‌లో నానేసి, దొంగనోట్లు చూసే నీలి టార్చి వేస్తే ఆ తేట పచ్చగా మెరుస్తుంది. తెనాలిలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే నాకు ఇంతకంటే చవకైన ప్రయోగం దొరకలేదు. అందులో కాస్త మైలుతుత్తం కలపండి, మెరుపు మసకబారుతుంది. పసుపులోని కుర్కుమిన్ అణువు నడుమ రెండు ఆక్సిజన్లున్నాయి. మైలుతుత్తంలోని రాగి అయాన్ వాటికి అతుక్కుని, అణువు పీల్చుకున్న శక్తిని వెలుగుగా రానివ్వదు.

నీళ్లలో లోహాన్ని పసిగట్టే సెన్సార్ అణువు కిటుకు ఇదే. లోహాన్ని పట్టే చోటొకటి, వెలిగే భాగమొకటి. కానీ పసుపు మంచి సెన్సార్ కాదు. ఇనుము కలిపినా ఇలాగే ఆరుతుంది. పైగా నీళ్లలో సరిగా కరగనే కరగదు.

మరి మంచి సెన్సార్ అవసరం ఏమిటంటారా? 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛలు, వాంతులతో ఆస్పత్రుల పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తాగేనీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని మన ప్రమాణం. అంత తక్కువను కొలిచే యంత్రాలు ఎక్కువగా పెద్ద ల్యాబుల్లోనే ఉంటాయి. రంగు మార్చి అక్కడికక్కడే చెప్పే అణువు కావాలనడం అందుకే.

లోహం తగిలితే ఆరే అణువు కంటే వెలిగే అణువు నయం. ఆరిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. బెల్‌ఫాస్ట్‌లో పనిచేసిన శ్రీలంక శాస్త్రవేత్త ప్రసన్న డి సిల్వా ఇలాంటి అణువులకు బాట వేసినవారిలో ఒకరు. వాటిలో నైట్రోజన్ దగ్గర ఖాళీగా ఉన్న ఎలక్ట్రాన్ జంట పక్కనున్న వెలిగే భాగాన్ని ఆర్పేస్తుంటుంది. లోహం వచ్చి ఆ జంటను తనవైపు లాక్కుంటే దీపం వెలుగుతుంది. 1997లో ఆంథొనీ చార్నిక్ బృందం రోడమిన్-బి నుంచి చేసిన అణువుది ఇంకో దారి. మామూలుగా దాని వలయం మూసుకుని రంగు ఉండదు, రాగి తగిలితే తెరుచుకుని గులాబీగా మారి మెరుస్తుంది. పీచుమిఠాయిలో కలిపి పట్టుబడుతున్న రంగు ఈ రోడమిన్-బియే!

ఇక కావలసిన లోహాన్నే పట్టడం. పాదరసానికి గంధకమంటే మక్కువ, కాబట్టి పట్టే చోట గంధకం పెడతారు. అయినా రాగి వచ్చి కూర్చోవచ్చు. అందుకే ఒక్కో అణువును సోడియం, కాల్షియం, ఇనుము, జింకు అన్నిటితోనూ విడివిడిగా, కలగలిపీ పరీక్షిస్తారు. నా లెక్కన అసలు కష్టం ఇక్కడే, మెరిపించడంలో కాదు.

రీసెర్చి పేపరు చదివే పిల్లలకు నేను ముందు ద్రావణి పేరు చూడమంటాను. ‘నీటిలో పనిచేస్తుంది’ అని రాసిన చాలావాటిలో సగం అసిటోనైట్రైలే ఉంటుంది. మా కాలువలో అది ఎవరు కలుపుతారు?