ఎసరు మొదలుగా

వంట నేర్వవలెనని తొలిసారి పొయ్యి యెదుట నిలిచినవారికి నేను చెప్పు మాట యొక్కటే: కూరలు, పచ్చళ్ళు, పిండివంటలు తరువాత చూచుకొనవచ్చును, ముందు అన్నము వండుట నేర్చుకొనుడు. సోలెడు బియ్యమునకు నీటితోను నిప్పుతోను పొత్తు కుదిర్పగలిగినవానికి తక్కిన పాకములు క్రమముగా లొంగును. అది కుదురనివానికి ఎంత ఖరీదైన పాత్రసామగ్రి యున్నను వృథాయే.

బియ్యము కొత్తదా, పాతదా యనునది మొదట తెలిసికొనవలెను. కొత్తబియ్యమునకు తక్కువ ఎసరు చాలును, ఎక్కువైనచో ముద్ద యగును. ఏడాది మాగిన బియ్యము మఱింత నీరు త్రాగి పొడిపొడిగా విచ్చుకొనును. కనుక గిన్నెడు బియ్యమునకు రెండు గిన్నెల నీరను లెక్క ఉజ్జాయింపే. గంజి వార్చు పద్ధతిలోనైతే ఎసరు ధారాళముగా పోసి, మెతుకును వ్రేళ్ళ నడుమ నలిపి చూచి, లోపల పలుకు ఇంచుక మిగిలి యుండగనే మసిగుడ్డతో దింపి వార్చవలెను. ఆ పలుకు పిమ్మట ఆవిరికే మగ్గిపోవును. బియ్యములోని 'బి' విటమినులు కొంతమేరకు ఆ గంజితోడనే పోవునుగాన, దానిని పారబోయక ఉప్పు వేసి త్రాగిన పెద్దలను పిసినారులని వెక్కిరింపరాదు.

కుక్కరు సంగతి వేఱు. సముద్రమట్టమున నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగును. మూత బిగించి ఆవిరిని బంధించినచో ఒత్తిడి పెరిగి ఆ నీరే సుమారు 120 డిగ్రీలకు చేరును, కందిపప్పు త్వరగా మెత్తబడుటకు ఇదియే హేతువు. 1679లో ఇట్టి పాత్రను కల్పించిన ఫ్రెంచివాడు డెనీ పాపె, అది ప్రేలునేమో యను భయమున రక్షకకవాటమును గూడ అమర్చెను. ఆ భయము మనకును ఉండుట మంచిది. మూత పెట్టుటకు ముందు ఆవిరిగొట్టమును వెలుతురుకెత్తి, పప్పుపొట్టు అడ్డుపడలేదు గదా యని చూడవలెను. ఒత్తిడి పూర్తిగా దిగక మునుపు మూతపై చేయి వేయరాదు. కత్తిపీటను గూర్చి చెప్పవలసినది కొంచెమే: మొద్దుబారిన కత్తి పదునైనదానికంటె ప్రమాదకరము, ఏలయన దానిపై బలము ప్రయోగింపవలసి వచ్చును, పని ముగిసినపుడు దానిని ప్రక్కకు వాల్చి గాని పీట విడిచి లేవరాదు.

అయితే నిప్పును, కత్తిని చూచి జంకెడి క్రొత్తవాడు మూత పెట్టిన అన్నపు గిన్నెను చూచి జంకడు. నేనును జంకలేదు. విద్యార్థిదశలో ఒక వేసవి రాత్రి మిగిలిన అన్నమును గిన్నెలోనే మూసియుంచి, మఱునాటి మధ్యాహ్నము వాసన చూచి, బాగుగనే యున్నదని పోపు వేసి పులిహోర కలుపుకొని తింటిని. మూడు గంటలు గడువకముందే వాంతులు మొదలై, సాయంకాలమునకు లేచి నిలువలేని స్థితి వచ్చినది.

నేరము పోపుది కాదు. బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి మట్టినుండి బియ్యమును చేరును. దాని బీజములు మరిగెడి ఎసరులోను చావవు. అన్నము గోరువెచ్చగా గంటలతరబడి నిలువయున్నపుడు అవి మొలకెత్తి, వృద్ధిపొంది, విషమును స్రవించును. ఆ విషము తిరిగి వేడిచేసినను నశింపదు, వాసనకును తెలియదు. రాత్రి అన్నములో నీళ్ళు, మజ్జిగ పోసి యుంచెడి చద్ది దీనికి భిన్నము: అది పులిసి ఆమ్లగుణము పొందును, ఆ పులుపు ఈ జీవికి గిట్టదు. ఆ రెంటిని ఒకటిగా భావించుటయే నా పొరపాటు. 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు నడిమి వేడియే సూక్ష్మజీవులకు ప్రియమైనది గనుక, మిగిలిన అన్నమును రెండు గంటలలోపల చల్లార్చి ఫ్రిజ్‌లో చేర్చవలెను. నిండుగిన్నె నడిమి భాగము ఎంతకును చల్లారదు, పలుచగా పఱచినచో త్వరగా ఆఱును.

నాటినుండి నా గదిలో భోజనము ముగిసిన వెంటనే అన్నపు గిన్నె కడిగి బోర్లింపబడెడిది. మిగిలిన నాలుగు మెతుకులు కిటికీ ప్రక్కన వెడల్పు పళ్ళెరములో ఆఱుచుండెడివి.