వార్తల్లో పదం: తప్పుదోవ పట్టించే ప్రకటన

వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం, సరుకు గురించి అబద్ధం చెప్పడమే కాదు, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడమూ తప్పుదోవ పట్టించే ప్రకటనే. ఆన్‌లైన్‌లో వాక్యూమ్ క్లీనర్ల వివరణల్లో ఈ రెండో రకానికి కొదవలేదు. ‘1600 వాట్లు’ అని పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. అది మోటారు వాడుకునే కరెంటు లెక్క, దుమ్ము లాగే శక్తి కాదు. కిలోపాస్కల్ అంకె పీడనాన్ని చెబుతుంది గానీ గాలి ఎంత పారుతుందో చెప్పదు. అంకె నిజమే కదా, మోసమెక్కడ అని అమ్మేవారు అడగొచ్చు. కొనేవారు దాన్ని దేనికి కొలతగా తీసుకుంటారో అమ్మేవారికి తెలియదా? ఐరోపా యూనియన్ 2017 సెప్టెంబరు నుంచి వాక్యూమ్ క్లీనర్లు 900 వాట్లు మించకూడదంది. అక్కడి ఇళ్లేమీ దుమ్ముకొట్టుకుపోలేదు. మన దగ్గర తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే తొలి తప్పుకు రూ.10 లక్షల వరకూ జరిమానా ఉంది. ఫిర్యాదు చేయాలంటే 1915కు ఫోన్ చేయండి.