మా యూహలోని యరుగు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిపోయిరి. బిడ్డను పెంచి చూడు అనుమాటను దానితో జేర్చుట వారేల మఱచిరో మాకు బోధపడదు. బహుశః ఆ సామెతను కట్టినవారు పిల్లలను పెంచినవారు కారేమో! ఇంటికప్పు కారినచో తాపీవానిని పిలిపింపవచ్చును. పెండ్లిలో పప్పు మాడినచో వంటవానిని కేకలు వేయవచ్చును. అర్ధరాత్రమున చంటిబిడ్డ కారణము తెలియకుండ గుక్కపట్టి యేడ్చుచుండగా తల్లి యెవరిని పిలుచును?

ఈ ప్రశ్నకు సమాధానముగా మేమొక యరుగును కట్టితిమి. ఇటుకలతో గాదు, ఊహతో. ఏ మండలపు పటములోను అది కనబడదు. నిద్రలేని రాత్రులలో బిడ్డను భుజమున వైచుకొని, గదిలో నీ మూలనుండి యా మూలకు నడచుచు, రోజునకు కొంచెముగా దానిని కట్టుకొంటిమి. కనుక దానికి ప్లాను లేదు; మునిసిపాలిటీవారి యనుమతియు లేదు. పాఠకసోదరీమణులు మన్నించి యొక్కమాఱు మావెంట వచ్చి దానిని చూడవలెనని కోరుచున్నాము.

ఊరిచివర వేపచెట్టు నీడను పొడవైన యరుగు. చక్కగా నలికి ముగ్గు పెట్టబడి యుండును. పైకప్పు దూలములకు పాతచీరల యుయ్యెలలు వరుసగా వ్రేలాడుచుండును. ఒక ప్రక్క కుండలో చల్లనినీరు. మఱియొక ప్రక్క ఇసుకకుప్ప, అందులో గవ్వలు, లక్కపిడతలు, తలలేని కొయ్యగుఱ్ఱ మొకటి. పిల్లలు ఆ గుఱ్ఱముకొఱకే కొట్టుకొందురు. తలయున్న బొమ్మలను ముట్టరు.

మెట్లయొద్ద చెప్పులు విడుచుచోటు కలదు. అచ్చటనే విడిచి రావలసినవి మఱికొన్ని గలవు. "మా వాడు తొమ్మిదవ నెలలోనే నడచినాడు" అనునది యొకటి. "మా యమ్మాయికి తరగతిలో మొదటి ర్యాంకు" అనునది యింకొకటి. పోవునపుడు ఎవరిది వారు తీసికొని పోవచ్చును. ఇంతవఱకు ఎవ్వరివియు పోలేదు.

అరుగునకు ఏలిక యొక బామ్మగారు. ఆమె జరిమానాలు కఠినములు. ఇతరుల పిల్లలతో తన పిల్లలను పోల్చినవారు ఆ పూటకు చింతపండు గింజలు తీయవలెను. అడుగనిదే సలహా చెప్పినవారు దగ్గఱనున్న బిడ్డను నిద్రపోవువఱకు ఊపవలెను. "మా కాలములో" అని ఒక్కపూటలో మూడుమాఱులు మించి యన్నవారికి రెండు శిక్షలును గలవు. అత్యధికముగా చింతపండు ఒలిచినది బామ్మగారే యని యచ్చటివారు చెప్పుకొందురు.

ఒకనాడు ఒక చిన్నది వచ్చి, "బామ్మగారూ, మా పిల్ల అన్నము తినదండీ. కథలు చెప్పితిని, చందమామను చూపితిని, సెల్‌ఫోనులో బొమ్మలు చూపితిని, వెంటబడి మేడ మెట్లన్నియు ఎక్కి దిగితిని" అని కండ్లనీళ్లు పెట్టుకొన్నది. బామ్మగారు పిల్లను చూచినది. పిల్ల బూరెబుగ్గలతో ఇసుకలో దొర్లుచుండెను. తరువాత తల్లిని చూచినది. "నీవు తింటివా అమ్మా?" అని యడిగినది. తల్లికి వెంటనే జ్ఞప్తికి రాలేదు.

తండ్రులకు ప్రవేశము లేదా యని కొందఱడుగుదురు. కలదు. కాని వారు బిడ్డ నెత్తుకొని రావలెను. వార్తాపత్రిక నెత్తుకొని రారాదు. "మా యావిడకు పిల్లల విషయమున సాయము చేయుచుంటినండీ" అని యొకాయన సగర్వముగా ననగా, బామ్మగారు కండ్లజోడు సవరించుకొని, "ఎవరి పిల్లలు నాయనా?" అని యడిగినది. ఆయన యా సాయంకాలమంతయు ఉయ్యెల యూపుచు గూర్చుండెను. మఱునాడును వచ్చెను. తనకు తెలియని సంగతులు చాల గలవనియు, వాని నడుగుటకు మగవారికి చోటే లేదనియు మెల్లగా చెప్పెను. ఇది మేము ముందుగా ననుకొన్నది కాదు. ఊహలోని మనుష్యులు సయితము ఒక్కొక్కప్పుడు మనకు తెలియని మాట చెప్పుదురు.

అరుగునకు కొసను, గోడవారగా, రెండు చాపలు పఱచియుండును. ఒకటి నిద్రకు. అచ్చట పరుండిన తల్లిని, బిడ్డకు పాలవేళయైననే తప్ప, లేపరాదు. రెండవది యేడ్చుటకు. ఏడ్చువారిని కారణ మడుగరాదు. "ఏమైన తింటివా?" అని మాత్రమే యడుగవలెను, తినలేదన్నచో పెట్టవలెను.

ఇదంతయు ఊహయే గదా, పూర్వము మన యూళ్లలో నిజమైన యరుగులే యుండెడివి గదా యని మీ రనవచ్చును. ఉండెడివి. మా యమ్మమ్మగారి యూర మేమును చూచితిమి. కాని యా యరుగు మగవారిది. పులిజూదము, పొలము తగవులు, ఊరి రాజకీయములు అచ్చట జరిగెడివి. ఆడువారి సభ నూతికడ. బిందె నిండులోపల కోడలు తన కష్టమును చెప్పుకొనవలెను. అత్తగారి దగ్గు వినబడగానే మాట మార్చవలెను. అందఱాడువారును ఆ నూతికి రాగలిగిరా యన్నచో అదియు లేదు. కులముపేర కొందఱిని దూరముగా నిలువబెట్టి నీరు పోసిన దినములను మఱచి, ఆ కాలమే మేలనుట న్యాయము కాదు. ఇప్పుడు కుళాయి వచ్చినది, మోత తప్పినది, సంతోషమే. కాని నూతికడి మాటలకు బదులు వేఱొక చోటు రాలేదు. నాలుగంతస్తుల మేడలో ఒక తలుపు వెనుక బిడ్డ యేడ్చినచో, ఎదుటివారు తమ తలుపును ఇంకను గట్టిగా వేసికొందురు.

ఈ మాట మేము విని చెప్పుచున్నది కాదు. మా మొదటిబిడ్డ పుట్టినపుడు మూడవనెల వఱకు పుట్టినింట నుండవలసియుండగా, అమ్మకు జబ్బు చేయుటచే నెల తిరుగకముందే, మా వారి యుద్యోగమున్న దూరపు నగరమునకు పోవలసివచ్చెను. అచ్చటి భాష మాకు రాదు. బిడ్డ ప్రతిదినమును దీపాలవేళకు మొదలుపెట్టి రాత్రి పదిగంటల వఱకు ఏడ్చెడిది. టెలిఫోనులో ఒకరు వామునీరు పట్టుమనిరి. ఒకరు దిష్టి తీయుమనిరి. ఒకరు నీ పాలు చాలుటలేదనిరి. మూడవమాట గుండెలో గ్రుచ్చుకొని నిలిచిపోయెను. తల్లి యగుటకే మేము తగమేమో యనిపించెను.

ఒకనాటి రాత్రి, మా వారింకను రాలేదు, బిడ్డను తొట్టెలో నుంచి, వీధితలుపు తెఱచి, మెట్లపై గూర్చుంటిమి. లోపల బిడ్డ యేడ్చుచుండెను. మేము లేవలేదు. ఎంతసేపో తెలియదు. ఈ సంగతిని ఇంతకాలము ఎవ్వరికిని చెప్పలేదు.

ఎదుటింటి యామె తలుపు తెఱచి చూచినది. ఆమె పేరైనను అప్పటికి మే మెఱుగము. ఏమియు ననక మమ్ము దాటుకొని లోపలికి పోయి బిడ్డను తీసికొన్నది. బిడ్డ వెంటనే ఊరుకొన్నదని మీ రనుకొందురేమో, ఊరుకొనలేదు. ఆమె బిడ్డను ముంజేతిపై బోర్ల పరుండబెట్టుకొని గదిలో దిరుగుచు, రెండవచేతితో వంటయింటివైపు చూపినది. మేము పోయి యన్నము వడ్డించుకొని, పీట వేసికొని, వేడిగా తింటిమి. కూర్చుండి తినుట ఆ యూరు చేరిన తరువాత అదే మొదలు.

చిన్నబిడ్డల యేడ్పు రెండవవారమునుండి హెచ్చుచు, సుమారు ఆఱవవారమున మిక్కుటమై, మూడు నాలుగు నెలలకు తగ్గిపోవుననియు, సాయంకాలములందే యది హెచ్చుననియు వైద్యు లెఱుగుదురు. జ్వరమున్నను, పాలు త్రాగకున్నను, వాంతులగుచున్నను, బిడ్డ సోలిపోయినను మాత్రము ఆలస్యము చేయక చూపవలెను. ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కఱలేదు. ఇఁక విసుగు మితిమీరినపుడు బిడ్డను క్షేమమైనచోట వెల్లకిల పరుండబెట్టి, తల్లి కొన్ని నిమిషములు ఇవతలికి వచ్చి ఊపిరి పీల్చుకొనుట తప్పు గాదనియు, కోపముతో బిడ్డను కుదుపుటయే ప్రాణాపాయమనియు వారే చెప్పుదురు. ఏ పనికి మేమిన్నాళ్లు సిగ్గుపడితిమో అది చేయదగిన పనియే యని తెలిసికొనుటకు మాకు పండ్రెండేండ్లు పట్టెను.

బాలింతరాండ్రలో చాలమందికి మొదటి దినములలో ఊరక యేడ్పు వచ్చుట కలదు. అది రెండువారములలో సర్దుకొనును. అట్లు సర్దుకొనక, బిడ్డ నిద్రించినను తల్లికి నిద్ర రాక, దేనియందును ఆశ లేక, బిడ్డను గాని తన్నుగాని ఏమి చేసికొందునో యను భయము కలుగుచున్నచో, అది వ్యాధి. సోమరితనము గాదు, గాలి ధూళి గాదు. దానికి చికిత్స కలదు. ఇంటివారు ఆమె నొంటరిగా విడువక వైద్యునియొద్దకు గొనిపోవలెను. ప్రభుత్వమువారు 2022వ సంవత్సరమున నెలకొల్పిన టెలి మానస్‌కు, 14416 అను అంకెకు, ఏ వేళనైనను ఫోను చేసి మన భాషలో మాటలాడవచ్చును, రుసుము లేదు.

మాటలాడినంతమాత్రమున నేమగునని యడుగువారు మా యింటనే కలరు. వారికొఱకు ఒక నిజమైన వృత్తాంతమును చెప్పుదుము. జార్ఖండు, ఒడిశా రాష్ట్రములలో, ఆదివాసులు హెచ్చుగా నివసించు మూడు జిల్లాలలో, ఏకజుట్ అను సంస్థవారు 2005 మొదలు 2008 వఱకు ఒక పరీక్ష నడపిరి. కొన్ని ప్రాంతములలో స్త్రీల కూటములను ఏర్పఱచిరి, మఱికొన్నిట ఏర్పఱుపలేదు. కూటములున్నచోట స్త్రీలు నెలకొకమాఱు కూడుదురు. ఉపన్యాసములు లేవు. ఆ ప్రాంతపు స్త్రీయే యొకతె నడపును. బొమ్మలకార్డులతో ఆటలాడుదురు, కథలు చెప్పుకొందురు. ఫలానా యింట బిడ్డ యెందుకు పోయెను, తల్లి యెందుకు నీరసించెను, ఎక్కడ ఆలస్యమయ్యెను అని కథవలె విప్పుకొని, మనమేమి చేయగలమో తామే నిర్ణయించుకొందురు. కానుపు చేయువారు చేతులు కడుగుకొనుట, బొడ్డుకు కట్టు దారమును మరగించుట వంటివి ఆ కూటములున్నచోట హెచ్చినవి.

ఫలితములు 2010లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు ప్రచురింపబడెను. కూటములున్న ప్రాంతములలో, మూడేండ్లమీద, పుట్టిన నెలలోపల పోవు శిశువుల మరణములు నూటికి 32 వంతులు తక్కువ. తల్లుల మనోవ్యాకులత విషయమున మొదట భేదమేమియు కనబడలేదు. మూడవయేట మాత్రము మధ్యమస్థాయి వ్యాకులత నూటికి 57 వంతులు తక్కువగా నుండెను. మనస్సు తేలికపడుటకు రెండేండ్ల కూర్పు పట్టెనన్నమాట. ఒక్క సాయంకాలముతో తీరునది కాదు. నేపాళమున మక్వాన్‌పూర్ జిల్లాలో ఇంతకుముందే ఇట్టి కూటములతో శిశుమరణములు నూటికి 30 వంతులు తగ్గినట్లు 2004లో వెల్లడియయ్యెను.

వేఱొక దేశపు ముచ్చటయు నొకటి కలదు. 1941లో న్యూజీలండు దేశపు వెల్లింగ్టన్ నగరమున, భర్తలు యుద్ధమునకు పోగా నొంటరిగా నున్న తల్లులు కొందఱు, వంతులవారిగా ఒకరి పిల్లల నొకరు ఆడించుటకు ఒక చోటు నేర్పఱచుకొనిరి. ఆ యాటశాలలు దేశమంతట వ్యాపించి నేటికిని తలిదండ్రులచేతనే నడపబడుచున్నవి. మన దేశమున 1975లో ఆరంభమైన అంగన్‌వాడి పేరులోనే ముంగిలి యున్నది. పొదుపుసంఘముల స్త్రీలు అప్పుల లెక్కకు ఎట్లును కూడుచునే యున్నారు. లెక్క ముగిసిన తరువాత చాపను వెంటనే చుట్టకుండినచో చాలును.

ఇంత చదివి, ఇంత వ్రాసి, మేము మాత్రము ఊహలోని యరుగుపైననే గూర్చుండుట బాగుగాలేదని తోచి, పోయిన నెలలో మా మేడ క్రింద, కారులు నిలుపుచోట, ఒక గురువారము సాయంకాలము చాప పఱచితిమి. చింతపండుబుట్టను గూడ ప్రక్కన నుంచితిమి. ఆనా డెవ్వరును రాలేదు. ఎదుట ఇస్త్రీ చేయు నామె మాత్రము బొగ్గులు చల్లారువఱకు మనుమనితో వచ్చి కూర్చుండి, ఊరకుండలేక గింజలు తీయుచు, "వీడికి మూడో ఏడు వచ్చిందమ్మా, మాట రాలేదు. వాళ్ల నాయనకూ ఆలస్యంగానే వచ్చిందంట" అన్నది.

రెండవ గురువారము ఇద్దఱు వచ్చిరి. మూడవ గురువారము వచ్చిన వారిలో నొకతె, రెండవయంతస్తున నుండు నామె, ఆ మాట విని కొంతసేపు తల వంచుకొని, "మా వాడికి చెవులు పరీక్ష చేయించేవరకూ మేమూ అలాగే అనుకొన్నాం, పెద్దమ్మా" అన్నది. మూడేండ్లనుండి అదే మేడలో నున్నను, ఆమె కుమారుని చెవివెనుకనున్న యంత్రమును మేము చూడలేదు.

మనుమనికి పరీక్ష వచ్చు మంగళవారము. ఇస్త్రీ యామెతో ఆ తల్లియు పోవుచున్నది. ఆ పూటకు బండియొద్ద ఎవరు గూర్చుండవలెనను చర్చ తేలలేదు. చాప చాలుటలేదు, రెండవది కొనవలసియున్నది.