ఎండ ఫుల్లుగా ఉన్నా సోలార్ ఆగిపోతోందా? 'ఎక్స్‌పోర్ట్ లిమిట్' సెట్టింగ్ గురించి తెలుసుకోవాల్సిందే

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం తెనాలి నుంచి నాన్న ఫోన్. "ఒరేయ్, ఎండ మాడిపోతోంది, మన సోలార్ మాత్రం ఊరికే ఆగిపోతోంది రా. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న వాళ్లది బాగానే నడుస్తోంది."

మా ఇంటి మీద 5 కిలోవాట్ల ప్యానెల్స్ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చునే ఇన్వర్టర్ యాప్ ఓపెన్ చేశాను. మామూలుగా అయితే గ్రాఫ్ కొండలా పైకి లేచి కిందికి దిగాలి. మాది 11 గంటల నుంచి రంపం పళ్లలా ఉంది. ప్రతి కోత దగ్గరా ఒకటే ఎర్రర్: గ్రిడ్ ఓవర్ వోల్టేజ్. మబ్బు లేని రోజున 22 యూనిట్లు రావాల్సింది 15, 16 దగ్గరే ఆగిపోతోంది.

ప్యానెల్స్ బాగానే ఉన్నాయి, ఇన్వర్టర్ కూడా బాగానే ఉంది. అసలు సమస్య వీధిలో ఉంది.

వోల్టేజ్ ఎందుకు పెరుగుతుంది?

నీళ్ల పైపులో నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి పోయినట్టే, కరెంటు ఎక్కువ వోల్టేజ్ నుంచి తక్కువ వోల్టేజ్ వైపు పోతుంది. మన ఇంటి కరెంటు బయటికి వెళ్లాలంటే ఇన్వర్టర్ వీధి లైన్ కన్నా కాస్త ఎక్కువ వోల్టేజ్ పెట్టాలి. ఎంత ఎక్కువ అనేది వైరు రెసిస్టెన్స్ మీద ఆధారపడుతుంది.

మా ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి స్తంభం దగ్గర. రానుపోను వైరు రెసిస్టెన్స్ 0.6 ఓమ్ అనుకుందాం. 3.6 కిలోవాట్లు బయటికి పంపితే దాదాపు 15 ఆంపియర్లు. 15ని 0.6తో గుణిస్తే 9 వోల్టులు. అందరి సోలార్ వల్ల మధ్యాహ్నానికి వీధి లైన్ ఇప్పటికే 246 దగ్గర ఉంటే, మా ఇంటి దగ్గర 255 అవుతుంది. మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం వోల్టేజ్ 110 శాతం, అంటే 253 దాటితే ఇన్వర్టర్ రెండు సెకన్లలోపు గ్రిడ్ నుంచి తప్పుకోవాలి. మళ్లీ కలవాలంటే గ్రిడ్ కనీసం ఒక నిమిషం స్థిమితంగా ఉండాలి. కలవగానే మళ్లీ 255, మళ్లీ కట్. రంపం పళ్లకు కారణం ఇదే.

ట్రాన్స్‌ఫార్మర్ పక్కింటికి వైరు పొడవు తక్కువ కాబట్టి వాళ్లకు ఈ బాధ లేదు. అందరూ కలిసి పెంచిన వోల్టేజ్‌కి ముందుగా ఆగిపోయేది మాత్రం చివరి ఇల్లే. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్య ఘర్ పథకం మొదలై, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తున్నాక ప్రతి వీధిలో ప్యానెల్స్ పెరుగుతున్నాయి. అంటే ఇది మా ఒక్క ఇంటి కథ కాదు.

తప్పు రిపేర్, సరైన రిపేర్

చూడటానికి వచ్చిన టెక్నీషియన్ "వోల్టేజ్ లిమిట్ 265కి పెంచేస్తాను సార్, ఇంక ఆగదు" అన్నాడట. నాన్న నన్నడిగితే వద్దన్నాను. ఎర్రర్ కనపడకుండా పోతుంది కానీ వోల్టేజ్ అలాగే ఉంటుంది. ఫ్రిజ్, టీవీ, పక్కింటి వాళ్ల ఫ్యాన్లు అన్నీ ఆ వోల్టేజ్ భరించాలి. పైగా అది నిబంధనలకు విరుద్ధం.

ముందు లైన్‌మన్‌తో స్తంభం దగ్గర జాయింట్ బిగింపించాం, డిస్కంకి ఫిర్యాదు రాయించాం. లైన్ పని తేలేలోపు చేయగలిగింది ఒకటే: బయటికి పంపే కరెంటుకి హద్దు పెట్టడం.

దీనికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది మొరటు పద్ధతి: ఇన్వర్టర్ మొత్తం ఔట్‌పుట్‌నే, ఉదాహరణకు 60 శాతానికి కుదించడం. ఇంట్లో ఏసీ నడుస్తున్నా లేకపోయినా అంతే. రెండోది తెలివైన పద్ధతి, అసలైన ఎక్స్‌పోర్ట్ లిమిట్. మెయిన్ వైరు చుట్టూ సీటీ అనే ఒక చిన్న కాయిల్ బిగిస్తారు. దానికి కలిపిన చిన్న మీటర్ బయటికి ఎంత పోతోందో ఎప్పటికప్పుడు ఇన్వర్టర్‌కి చెబుతుంది. ఈ మాటలు ఎక్కువగా ఆర్‌ఎస్ 485 వైరు మీద మోడ్‌బస్ భాషలో నడుస్తాయి. డిస్కం పెట్టిన నెట్ మీటర్ ఈ పని చేయదు, మీటర్ వేరేగా కావాలి.

లాజిక్ మన కోడ్‌లో ఒక లూప్ లాంటిదే. లిమిట్ 2.5 కిలోవాట్లు, ఇంటి వాడకం 0.5 అయితే ఇన్వర్టర్ 3 దాకా తయారు చేయొచ్చు. ఒకటిన్నర కిలోవాట్ల ఏసీ వేస్తే వెంటనే 4.5 దాకా పెరగొచ్చు. బయటికి పోయేది మాత్రం 2.5 దాటదు.

మరి మిగిలిన కరెంటు ఏమవుతుంది? అసలు తయారే కాదు. మామూలుగా ఇన్వర్టర్ ప్యానెల్ నుంచి గరిష్ఠ పవర్ వచ్చే వోల్టేజ్ దగ్గర పనిచేస్తుంది. లిమిట్ తగలగానే ఆ పాయింట్ నుంచి పక్కకు జరిగి తక్కువ తీసుకుంటుంది. ప్యానెల్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, అంతే.

మాకు వచ్చిన ఫలితం: ట్రిప్పులు ఆగాయి, రోజుకి 19 యూనిట్లు వచ్చాయి. మోటారు, వాషింగ్ మెషీన్, గీజర్ 11 నుంచి 2 మధ్యకు మార్చాక 20 దాటింది. నెట్ మీటరింగ్‌లో పంపిన యూనిట్ బిల్లులో తిరిగి కలుస్తుంది కాబట్టి మామూలుగా ఎప్పుడు వాడినా తేడా ఉండదు. కానీ లిమిట్ తగిలే గంటల్లో వాడిన యూనిట్ అక్షరాలా ఉచితం. వాడకపోతే అది పుట్టదు కూడా.

పెద్ద గ్రిడ్‌లు ఏం చేస్తున్నాయి?

జర్మనీ 2012 నుంచి చిన్న సోలార్ ప్లాంట్లకు 70 శాతం హద్దు పెట్టింది. 2023లో కొత్త చిన్న ప్లాంట్లకు ఎత్తేసింది. 2025 ఫిబ్రవరిలో కొత్త చట్టంతో, రిమోట్ కంట్రోల్ ఉన్న స్మార్ట్ మీటర్ పెట్టేదాకా కొత్త ప్లాంట్లకు 60 శాతం హద్దు తెచ్చింది.

దక్షిణ ఆస్ట్రేలియా ఇంకాస్త ముందుకెళ్లింది. 2021 మార్చి 14న డిమాండ్ బాగా పడిపోయినప్పుడు గ్రిడ్ ఆపరేటర్ ఆదేశంతో అక్కడి వేల ఇళ్ల సోలార్‌ని సుమారు గంటపాటు దూరం నుంచే ఆపేశారు. ఆ తర్వాత వచ్చిన పద్ధతిలో ఇంటి యజమాని ముందు రెండు దారులు: ఎప్పుడూ 1.5 కిలోవాట్లే పంపే స్థిరమైన లిమిట్, లేదా గ్రిడ్ ఖాళీని బట్టి 1.5 నుంచి 10 దాకా మారే లిమిట్. రెండోదానికి ఇన్వర్టర్ ఇంటర్నెట్‌కి కలిసి ఉండాలి. కనెక్షన్ పోతే లిమిట్ మళ్లీ 1.5కి దిగుతుంది.

నాకు ఈ రెండో దారే న్యాయం అనిపిస్తుంది. మా 2.5 అనేది నేను అంచనాతో పెట్టిన అంకె. అందరూ ఏసీలు వేసుకున్న రోజు వీధి లైన్‌లో చోటు ఉన్నా మాకు అదే హద్దు. చివరి ఇల్లు ఒక్కటే తగ్గించుకునే బదులు వీధి మొత్తానికి ఖాళీని బట్టి పంచితే, ఎవరూ పెద్దగా నష్టపోరు.

కొనే ముందు ఇవి అడగండి

ఎక్స్‌పోర్ట్ లిమిట్ మీటర్ ఇన్వర్టర్‌తో పాటు వస్తుందా, విడిగా కొనాలా? వోల్టేజ్ పెరిగినప్పుడు ఒక్కసారిగా ఆగకుండా మెల్లగా పవర్ తగ్గించే 'వోల్ట్-వాట్' మోడ్ ఉందా? మీటర్ కనెక్షన్ తెగితే ఇన్వర్టర్ తనంతట తాను తగ్గుతుందా? ఇల్లు లైన్ చివర ఉంటే, ఒక ఎండ రోజు 12 గంటలకు మీటర్ బోర్డు దగ్గర వోల్టేజ్ కొలిపించండి. అప్పటికే 245 దాటి ఉంటే ప్లాంట్ సైజు మీద మళ్లీ ఆలోచించండి.

సీటీ బిగించాక దాని మీది బాణం గుర్తు సరైన వైపు ఉందో లేదో చూసుకోండి. తిరగబడితే బయటికి పోయే కరెంటు లోపలికి వస్తున్నట్టు కనిపిస్తుంది, ఇన్వర్టర్ తగ్గాల్సిన చోట ఇంకా పెంచుతుంది. మాకు మొదటి రోజు అదే జరిగింది. యాప్‌లో గ్రాఫ్ చూసి ఫోన్‌లో చెబితే, వచ్చినవాడు తిప్పి బిగించాడు.

ఇప్పుడు నాన్న పొద్దున్నే మోటారు వేయడం మానేశారు. 11 దాటాకే ట్యాంకు నింపుతున్నారు.