వ్యవసాయ వెబ్‌సైటులో ఉప ఫోల్డర్ల అమరిక: విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

పరిశోధనా స్థానంలో రూపొందిన సిఫారసు రైతుకు చేరే మార్గాలలో వెబ్‌సైటు నేడు ప్రధానమైనది. కరపత్రాలపై క్యూఆర్ కోడ్ ముద్రించడం, పేజీ చిరునామాను వాట్సాప్ సమూహాలలో పంపడం విస్తరణ కార్యక్రమాలలో సాధారణమయ్యాయి. అయితే ముద్రించిన కోడ్‌ను మార్చడం సాధ్యం కాదు. దాని వెనుక ఉన్న పేజీని వేరొక ఫోల్డరులోకి జరిపితే, అగ్గితెగులు సోకిన పొలంలో నిలబడి స్కాన్ చేసిన రైతుకు కనిపించేది ఖాళీ తెర మాత్రమే. 2013లో అందుబాటులో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ల తరువాత లభించలేదని అమెరికాకు చెందిన ప్యూ పరిశోధనా సంస్థ 2024లో వెల్లడించింది. పేజీలు మాయం కావడానికి గల కారణాలలో ఫోల్డర్ల అమరికలోని లోపం ఒకటి. ఇది ముందుచూపుతో నివారించదగినది.

ఉప ఫోల్డరు – దాని ప్రయోజనం

వెబ్‌సైటుకు సంబంధించిన ఫైళ్లన్నీ సర్వరులో ఒక మూల ఫోల్డరులో ఉంటాయి. పేజీల సంఖ్య పదికి లోపు ఉన్నంతకాలం అన్నింటినీ అందులోనే ఉంచవచ్చు. వందలకు చేరినప్పుడు ‘చిత్రం1’, ‘కొత్తపేజీ2’ వంటి పేర్ల మధ్య అవసరమైన ఫైలును గుర్తించడం కష్టమవుతుంది. అప్పుడు మూల ఫోల్డరులో ‘వరి’, అందులో ‘తెగుళ్లు’, దానిలో ‘అగ్గితెగులు’ అనే క్రమంలో ఉప ఫోల్డర్లు ఏర్పాటు చేసుకోవాలి. ఈ క్రమమే ‘వరి/తెగుళ్లు/అగ్గితెగులు’ అని పేజీ చిరునామాలో కనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో పేజీలు డేటాబేసులో ఉంటాయి కనుక ఈ ఫోల్డర్లు నిజమైనవి కాకపోవచ్చు. అయినా పాఠకునికి కనిపించే చిరునామా ఇదే తీరులో ఉంటుంది కాబట్టి ఇవే సూత్రాలు వర్తిస్తాయి.

సాధారణంగా పంట, విషయం, పేజీ అనే మూడు అంచెలు సరిపోతాయి. ప్రతి ఫోల్డరులోనూ ఆ విభాగాన్ని పరిచయం చేసే ప్రారంభ పేజీ ఉండాలి. అది లేనప్పుడు సర్వరు ఫైళ్ల జాబితానైనా చూపుతుంది, ప్రవేశాన్నైనా నిరాకరిస్తుంది.

విభజనకు ఆధారం

ఫోల్డర్లను దేని ఆధారంగా విభజించాలన్నది సాంకేతిక ప్రశ్నగా కనిపించినా, వాస్తవానికి అది వ్యవసాయ శాస్త్రజ్ఞుడు నిర్ణయించవలసిన విషయం. తెలుగు ప్రాంతపు వ్యవసాయ విద్యాసంస్థల చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పొందింది. 2005లో పశువైద్యం తిరుపతి కేంద్రంగా, 2007లో ఉద్యానం వెంకటరామన్నగూడెం కేంద్రంగా వేరు విశ్వవిద్యాలయాలయ్యాయి. 2014లో రాష్ట్ర విభజనతో రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ పేరిట తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడగా, రంగా విశ్వవిద్యాలయం గుంటూరు సమీపంలోని లాంకు తరలింది.

ఈ యాభై ఏళ్లలో సంస్థ పేరు, పరిధి, కేంద్రం మారాయి. వరి వరిగానే, టమాట టమాటగానే ఉన్నాయి. కావున సంస్థ పేరుతోనో, శాఖ పేరుతోనో ఫోల్డర్లు ఏర్పరచుకుంటే ప్రతి పునర్వ్యవస్థీకరణలోనూ చిరునామాలు చెదిరిపోతాయి. పంట పేరుతో ఏర్పరచుకుంటే ‘టమాట’ ఫోల్డరు మొత్తాన్ని ఒకే ప్రమాణంగా తీసి కొత్త సంస్థ వెబ్‌సైటుకు అప్పగించవచ్చు.

జిల్లాల వారీ విభజనకూ ఇదే ఇబ్బంది ఉంది. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ప్రాంతీయ సిఫారసులకు విడి ఫోల్డరు అవసరమైతే, జిల్లా సరిహద్దుల కంటే నేల, వర్షపాతం ఆధారంగా గుర్తించిన వ్యవసాయ వాతావరణ మండలాలను ఆధారం చేసుకోవడం మేలు. జిల్లా పేరును పేజీలోని పాఠంలో ఇస్తే శోధనలో అది దొరుకుతుంది.

లింకుల స్వభావం

ఫోల్డరును చెక్కుచెదరకుండా తరలించగలగడం అందులోని లింకులపై ఆధారపడి ఉంటుంది. లింకులు మూడు విధాలు. సైటు పేరుతో సహా పూర్తి చిరునామా ఇచ్చేది మొదటిది. సైటు పేరు మారిన రోజున ఇది పనిచేయదు. మూల ఫోల్డరు నుంచి మార్గాన్ని సూచించేది రెండవది. ఉన్న పేజీ నుంచి మార్గాన్ని సూచించేది మూడవది. ఇందులో రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత కలిపి రాస్తే ‘ఒక అంచె పైకి’ అని అర్థం. ‘తెగుళ్లు’ ఫోల్డరులోని పేజీ ఈ పద్ధతిలో ‘వరి’ ఫోల్డరులోని చిత్రాలను సూచిస్తే, ‘వరి’ ఫోల్డరును ఎక్కడికి మార్చినా ఆ చిత్రాలు కనిపిస్తాయి. కానీ ఒక్క పేజీని మాత్రమే వేరొక అంచెకు జరిపితే దానిలోని లింకులు తెగిపోతాయి.

అందువలన పేజీలను కంప్యూటరులోని సాధారణ ఫైళ్ల కిటికీలో కాక, వెబ్‌సైటు రూపకల్పన సాఫ్ట్‌వేర్‌లోనే జరపాలి. డ్రీమ్‌వీవర్‌లో ఫైళ్ల పట్టికలో పేజీని ఉప ఫోల్డరులోకి లాగినప్పుడు, లింకులను సవరించాలా అని అది అడుగుతుంది. అంగీకరిస్తే ఆ పేజీలోని లింకులతో పాటు, ఆ పేజీని సూచించే ఇతర పేజీల లింకులనూ సరిచేస్తుంది. సవరించిన పేజీలన్నింటినీ తిరిగి సర్వరుకు పంపడం మరచిపోరాదు.

అయితే సాఫ్ట్‌వేర్ సవరించగలిగేది సొంత సైటులోని లింకులనే. కరపత్రాలను, ఇతర సైట్లను, రైతు ఫోనులో దాచుకున్న చిరునామాను అది మార్చలేదు. ఇందుకు సర్వరులో శాశ్వత దారి మళ్లింపును ఏర్పాటు చేయాలి. సాంకేతిక పరిభాషలో దీని సంకేతం 301. పాత చిరునామాకు వచ్చిన వారిని ఇది కొత్త పేజీకి చేరుస్తుంది.

పేర్లలో పాటించవలసిన జాగ్రత్తలు

విండోస్ కంప్యూటరు పెద్ద, చిన్న రోమన్ అక్షరాలను ఒకటిగానే భావిస్తుంది. లినక్స్ సర్వరు వేరుగా భావిస్తుంది. కార్యాలయంలో పనిచేసిన లింకు సర్వరులో పనిచేయకపోవడానికి తరచుగా ఇదే కారణం. పేర్లన్నీ చిన్న అక్షరాలలో, ఖాళీలు లేకుండా, మాటల మధ్య అడ్డగీతతో ఉండాలి.

ఫోల్డర్లకు తెలుగు లిపిలో పేర్లు పెట్టడం అభిలషణీయమే అయినా, చిరునామాను పంపేటప్పుడు ఒక్కొక్క తెలుగు సంకేతం తొమ్మిది రోమన్ గుర్తులుగా మారుతుంది. ‘వరి’ అనే మాటలో వ, ర, గుడి అనే మూడు సంకేతాలు ఉన్నందున అది 27 గుర్తులవుతుంది. హైదరాబాదు సీ-డాక్ అభివృద్ధి చేసి 2014లో ప్రారంభించిన వికాస్‌పీడియాలో తెలుగు పేజీల చిరునామాలు యూనికోడ్ సంఖ్యల వరుసగా కనిపించేవి. అటువంటి చిరునామాను ఫోనులో చెప్పడం, నల్లబల్లపై రాయడం సాధ్యం కాదు. తెలుగు మాటనే రోమన్ లిపిలో ఫోల్డరు పేరుగా ఉంచి, పేజీ శీర్షికను తెలుగు లిపిలో ఇవ్వడం ఆచరణీయం.

వెబ్ రూపకర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే చిరునామాలు మారరాదని సూచిస్తూ, రచయిత పేరు, విషయపు స్థితి, సాఫ్ట్‌వేర్ గుర్తులు అందులో ఉండరాదని వివరించారు. ‘తాజా’, ‘కొత్త’ వంటి ఫోల్డరు పేర్లు ఏడాది గడిచేసరికి అసత్యాలవుతాయి.

కాలం చెల్లిన సిఫారసులు

అమరిక లోపం వల్ల కలిగే తీవ్రమైన నష్టం సస్యరక్షణలో కనిపిస్తుంది. ఎండోసల్ఫాన్‌ను 2011 మే నెలలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2018 ఆగస్టు ఉత్తర్వు ప్రకారం ఫోరేట్, ట్రయాజోఫాస్, ఫాస్ఫామిడాన్ తదితర మందులు 2020 డిసెంబరు 31 నుంచి నిషేధానికి గురయ్యాయి. పాత పేజీని తొలగించకుండా కొత్త ఫోల్డరులో మరొక పేజీని చేర్చితే శోధనలో రెండూ దొరుకుతాయి. ఏది అమలులో ఉన్నదో రైతుకు తెలియదు.

కావున అమలులో ఉన్న సిఫారసుకు ఎప్పటికీ ఒకే చిరునామా ఉండాలి. సవరణ ఆ పేజీలోనే జరగాలి, సవరించిన తేదీ పైభాగంలో కనిపించాలి. పాత ప్రతులను ‘భాండాగారం’ అనే ఉప ఫోల్డరులో సంవత్సరాల వారీగా భద్రపరచి, ప్రతి పేజీపై ‘ఇది అమలులో లేదు’ అని రాసి, అమలులోని పేజీకి లింకు ఇవ్వాలి. ఆ ఫోల్డరును శోధన ఫలితాలలో చేర్చవద్దని శోధన యంత్రాలకు సూచించవచ్చు. పరిశోధకునికి చరిత్ర మిగులుతుంది, రైతుకు పొరపాటు తప్పుతుంది.

శాస్త్రవేత్త – రూపకర్త

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి పరిసరాలు సాఫ్ట్‌వేర్ నైపుణ్యానికి కేంద్రమయ్యాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయంతో పాటు విస్తరణ శిక్షణ సంస్థ మేనేజ్, పరిశోధన యాజమాన్య సంస్థ నార్మ్ ఉన్న రాజేంద్రనగర్ అక్కడికి ఎంతో దూరం కాదు. అయినా వెబ్‌సైటు పని అప్పగించినప్పుడు రంగులు, చిత్రాలపై జరిగినంత చర్చ ఫోల్డర్లపై జరగదు. సాఫ్ట్‌వేర్ నిపుణునికి కాండం తొలుచు పురుగు, సుడిదోమ ఒకే ఫోల్డరులో ఉండాలో లేదో తెలియదు. తెలియనప్పుడు మెనూలో ఉన్న క్రమాన్నే ఫోల్డర్ల క్రమంగా చేస్తాడు. మెనూ మారిన ప్రతిసారీ చిరునామాలూ మారతాయి.

క్షేత్ర ప్రయోగానికి విత్తనం వేయకముందే మళ్ల అమరికను కాగితంపై గీస్తారు. వెబ్‌సైటుకూ అదే క్రమం అవసరం. పంటలు, విషయాలు, పేజీల పేర్లతో పట్టికను శాస్త్రవేత్తే తయారుచేసి, ఒప్పందంలో భాగంగా రూపకర్తకు ఇవ్వాలి. సైటును మార్చిన ప్రతిసారీ పాత, కొత్త చిరునామాల జాబితాను అడిగి తీసుకోవాలి. కరపత్రం ముద్రణకు పంపే ముందు అందులోని ప్రతి కోడ్‌ను ఒకసారి స్కాన్ చేసి చూడడం విస్తరణ శాస్త్రవేత్త విధులలో భాగం కావాలి.