చేసిన తీర్మానం వెనక్కి తీసుకోవచ్చా?

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలంటారు. రచ్చబండ మీద ఇచ్చిన మాటకు ఈ సామెత చెల్లుతుంది. సభ చేసిన తీర్మానానికి మాత్రం చెల్లదు. తాను చేసిన తీర్మానాన్ని సభ తానే మార్చుకోవచ్చు, రద్దు కూడా చేసుకోవచ్చు. అయితే దానికో పద్ధతి ఉంది. విత్తనాలకు ఉన్నట్టే దానికీ ఓ అదను ఉంది. ఈ సంగతి తెలియడానికి మన శాసనమండలి కథ ఒక్కటి చాలు.

శాసనమండలి ఉండాలా, వద్దా అన్నది రాజ్యాంగం 169వ అధికరణం కిందికి వస్తుంది. ముందుగా శాసనసభ తీర్మానం చెయ్యాలి. మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మద్దతు ఉండాలి. ఆపైన పార్లమెంటు చట్టం చేస్తేనే అది అమలవుతుంది. అంటే తీర్మానం అసెంబ్లీది, తుది మాట పార్లమెంటుది.

22 ఏళ్ల ఎదురుచూపు

ఆంధ్రప్రదేశ్‌లో మండలి 1958లో ఏర్పడింది. దాన్ని రద్దు చెయ్యాలని ఎన్.టి.రామారావు ప్రభుత్వ హయాంలో 1983లో అసెంబ్లీ తీర్మానించింది. అది చట్టం కాలేదు. 1985లో మళ్లీ తీర్మానించగా పార్లమెంటు చట్టం చేసింది. 1985 జూన్ 1న మండలి రద్దయింది.

అక్కడితో అదను దాటిపోయింది. పాత తీర్మానాన్ని వెనక్కి తీసుకుంటున్నామని అసెంబ్లీ ఒక్క మాట అంటే సరిపోయే స్థితి ఇక లేదు. మండలి మళ్లీ కావాలంటే కొత్త తీర్మానం, కొత్త చట్టం రెండూ కావాలి. 1990లో అసెంబ్లీ తీర్మానం చేసింది. రాజ్యసభ బిల్లును ఆమోదించింది. 1991లో లోక్‌సభ రద్దు కావడంతో ఆ ప్రయత్నం నీరుగారింది. 2004లో ఇంకో తీర్మానం చెయ్యవలసి వచ్చింది. చివరకు 2007లో మండలి తిరిగి కొలువుదీరింది. ఆ 22 ఏళ్లు ఉపాధ్యాయులకు, పట్టభద్రులకు, స్థానిక సంస్థలకు మండలిలో ప్రతినిధులే లేరు.

22 నెలల్లో ఉపసంహరణ

రెండోసారి కథ వేరుగా నడిచింది. మూడు రాజధానుల బిల్లుల వివాదం తర్వాత, 2020 జనవరి 27న మండలి రద్దుకు అసెంబ్లీ మళ్లీ తీర్మానించింది. 133 మంది అనుకూలంగా ఓటు వేశారు. ప్రతిపక్షం సభకు రాలేదు. తీర్మానం ఢిల్లీకి వెళ్లింది గాని పార్లమెంటు చట్టం చెయ్యలేదు. 2021 నవంబర్ 23న అదే అసెంబ్లీ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంటూ మరో తీర్మానం చేసింది. మూజువాణి ఓటుతో పని పూర్తయింది. ఉపసంహరణ ఎలా జరగాలో 169వ అధికరణం చెప్పదు. అప్పటికి చట్టం కాలేదు గనుక తీర్మానాన్ని ఉపసంహరించుకోవడం వీలైంది. మండలి నిలిచింది. నేడు అందులో 58 స్థానాలున్నాయి. వాటిలో 20 స్థానిక సంస్థలవి. మనం గెలిపించిన ఎంపీటీసీ, జెడ్పీటీసీ సభ్యులు ఓటు వేసేది వీటికే.

తోచినప్పుడల్లా మార్చుకుంటూ పోవడం కూడా కుదరదు. ఒకసారి నిర్ణయమైన విషయాన్నే అదే సమావేశాల్లో మళ్లీ ప్రతిపాదించరాదని లోక్‌సభ నియమావళి చెబుతోంది. ఓడినవారు రోజూ అదే అంశం లేవనెత్తితే సభ ముందుకు సాగదు గదా!

మన పంచాయతీ మాటేమిటి?

ఊళ్లో సభలకూ ఇందులో పాఠం ఉంది. మినిట్స్ బుక్కులో పాత తీర్మానం మీద గీత కొట్టినంత మాత్రాన అది రద్దు కాదు. ఇద్దరు ముగ్గురు పెద్దలు విడిగా కూర్చుని వద్దనుకున్నా రద్దు కాదు. అజెండాలో పెట్టి, సభ్యులకు నోటీసు ఇచ్చి, సభలోనే కొత్త తీర్మానం చెయ్యాలి. పాతది ఏ తేదీదో అందులో రాయాలి. గడువెంత, ఎంతమంది మద్దతు కావాలి అన్నవి నిబంధనల్లో ఉంటాయి. కార్యదర్శిని అడిగి తెలుసుకోవడం సభ్యుల హక్కు.

బోరు ఒక వీధిలో వెయ్యాలని తీర్మానించి, తర్వాత మరో వీధికి అవసరం ఎక్కువని తోస్తే మార్చుకోవడంలో తప్పు లేదు. బోరు బండి వచ్చి తవ్వేశాక, బిల్లు చెల్లించాక ఎన్ని తీర్మానాలు చేసినా ఆ గుంత ఆ వీధిలోనే ఉంటుంది. అభ్యంతరం ఉన్నవారు పని మొదలుకాక ముందే సభకు వచ్చి చెప్పడం మేలు.