ఆంగ్లాభ్యాసకులకు కథారచన

కందుకూరి వీరేశలింగం పంతులుగారు, గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ను తెనిగింప నారంభించి, ఆ యత్నమును విడిచి, కథను ధవళేశ్వరమున నిలిపి ‘రాజశేఖర చరిత్రము’ను రచించిరి. అది 1880లో గ్రంథరూపమున వెలువడెను. కథ పాఠకుని నేలపై నిలువవలెననెడి యీ రాజమహేంద్రవర వివేకము, ఆంగ్లము నేర్చు తెలుగు బాలునికొఱకు కథ వ్రాయువారికిని మార్గదర్శకమని మా యభిప్రాయము. వానికి భాష క్రొత్తది. విషయము కూడ క్రొత్తదైనచో రెండును దక్కవు.

ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల కధ్యక్షుడుగా నుండిన మైకేల్ వెస్టు, వాచకములలో క్రొత్తమాటలు దట్టముగా వచ్చుట చదువున కడ్డమగుచున్నదని గ్రహించెను. 1953లో ప్రకటితమైన ఆయన పదపట్టికలో సుమారు 2,000 మాటలు కలవు. పట్టిక యుపయోగమును మేము కాదనము. కాని దానిని ముందుంచుకొని కథ నల్లినచో తుదకు మిగులునది పట్టికయే. సంఘటనను ముందెన్నుకొని, మాటలను పిదప లెక్కించుట మేలు.

పులి, మేక, గడ్డిమోపు అను పొడుపుకథనే గైకొందము. గోదావరి రేవున నొకడు ఈ మూటిని లంకకు చేర్పవలెను. పడవలో వానితోడ నొక్కటియే పట్టును. ఏడుమారులు నది దాటవలసియుండుటచే ‘టుక్’, ‘లెఫ్ట్’, ‘కేమ్’, ‘వెంట్’ అను రూపములు వాటంతట నవియే మరల మరల వచ్చును. నిత్యవ్యవహారమునందలి క్రియలే ‘ఎడ్’ చేరక రూపము మార్చుకొనుట ఆంగ్లమున బాలునికి పెద్ద చిక్కు. ఇట నది కథతోడనే యలవడును. ‘మేకను దింపి, తిరిగివచ్చి, పులి నెక్కించుకొని పోయెను’ అని మనము ఒక్క సమాపకక్రియతో ముగింతుము. ఆంగ్లమున ఆరంభదశయందు వీనిని మూడు నాలుగు చిన్న వాక్యములుగా విడదీయుట యుక్తము.

‘లంక’ను ‘ఐలాండ్’ అనవలెనా? అన్నచో బాలుడు సముద్రమును తలంచును. ఆ మాట నట్లే యుంచుటకే మేము మొగ్గుదుము. ‘బ్యాంక్’ అను మాటకు సొమ్ము దాచుచోటే యెఱిగినవానికి నదియొడ్డును బొమ్మలో చూపుట తప్పదు.

నాలుగవ దాటున మేక మరల వెనుకకు రావలెను. అచ్చట కథ నాపి, ‘ఇపుడేమి చేయును?’ అని యడుగుటకు చోటుంచవలెను. ‘ఇఫ్’తో మొదలగు వాక్యము బాలునికి మొదట నిజముగా అవసరపడునది అచ్చటనే: పులిని మేకతో విడిచినచో పులి మేకను తినును.